ఆరు నెలలు ఊళ్లో ఉండరు, కారు సెల్లార్‌లో ఉంటుంది: బ్యాటరీకి ఏ దారి?

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే పెద్దవాళ్లు వీసా, టికెట్లు, ఆవకాయ ప్యాకింగ్ వరకూ అన్నీ చూసుకుంటారు. సెల్లార్‌లో ఉండే కారు సంగతి బయల్దేరే ముందురోజు రాత్రి గుర్తొస్తుంది. అప్పుడు వాచ్‌మన్‌ని పిలిచి తాళం చేతికిచ్చి, "వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచు" అని చెప్పేసి వెళ్తారు. ఉన్న దారుల్లో ఇదే అన్నిటికన్నా బలహీనమైనది. ఎందుకో కింద లెక్కతో సహా చెబుతాను.

ఏ దారి ఎంచుకోవాలన్నది బ్యాటరీ కంపెనీని బట్టి ఉండదు. తిరుపతిలో పుట్టిన అమరాన్ అయినా, ఎక్సైడ్ అయినా, లోపల ఉండేది సీసం, ఆమ్లమే. చూడాల్సినవి వేరే ఉన్నాయి.

## ముందు ఇవి తేల్చుకోండి

మొదటిది, ఎంతకాలం. మూడు వారాల తిరుపతి-కాశీ యాత్రకూ, ఆరు నెలల అమెరికా ప్రయాణానికీ ఒకే మందు పనిచేయదు.

రెండోది, కారు పక్కన ప్లగ్ పాయింట్ ఉందా లేదా. సగం నిర్ణయం ఇక్కడే అయిపోతుంది.

మూడోది, మనిషి. కారు బయటికి తీసి రోడ్డు మీద నడపగలిగే, లైసెన్స్ ఉన్న, మీరు నమ్మే మనిషి ఊళ్లో ఉన్నారా? స్టార్ట్ చేసేవాళ్లు చాలామంది దొరుకుతారు, నడిపేవాళ్లు దొరకడమే కష్టం.

నాలుగోది, కారు రకం. మామూలు మాన్యువల్ పెట్రోల్ కారుకు చేసినంత తేలిగ్గా, ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు ఉన్న ఆటోమేటిక్‌కు చేయలేం. చివరిగా బ్యాటరీ వయసు. మూడు, నాలుగేళ్లు దాటిన బ్యాటరీని ఏ పద్ధతీ కొత్తదాన్ని చేయదు.

## ఆపి ఉంచిన కారులో కరెంటు ఎటు పోతుంది?

ఇంజిన్ ఆపి, తాళం వేసినా కారు పూర్తిగా నిద్రపోదు. రిమోట్ తాళం సిగ్నల్ కోసం చూసే రిసీవర్, అలారం, గడియారం, కంప్యూటర్ల జ్ఞాపకాలు, ఇప్పటి కార్లలో మొబైల్ యాప్‌తో మాట్లాడే సిమ్ యూనిట్, ఇవన్నీ కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న కారులో ఇది 20 నుంచి 50 మిల్లీయాంప్‌ల మధ్య ఉంటుంది.

30 అనుకుందాం. రోజుకు 0.72 యాంపియర్-అవర్లు (ఒక యాంప్ కరెంటు గంటసేపు పారితే ఒక యాంపియర్-అవర్), నెలకు 21 పైమాట. చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి వచ్చే బ్యాటరీ 35 యాంపియర్-అవర్లది. అంటే నిండా ఛార్జింగ్‌తో వదిలినా 24 రోజుల్లో సగం ఖాళీ. సగం దాటాక సెల్ఫ్ తీసుకుంటుందన్న గ్యారంటీ లేదు. డీజిల్ కారులో 65 యాంపియర్-అవర్ల బ్యాటరీ ఉంటే ఆ సగం గీత చేరడానికి నెలన్నర పడుతుంది. ఆరు నెలలకు రెండూ సున్నాయే.

ఇది కారు బాగున్నప్పటి లెక్క. పార్కింగ్‌లో కూడా రికార్డు చేసే డ్యాష్‌క్యామ్, బయట బిగించిన జీపీఎస్ ట్రాకర్ ఉంటే బ్యాటరీ వారం, పది రోజుల్లోనే పడిపోవచ్చు. వెళ్లేముందు డ్యాష్‌క్యామ్ వైరు పీకేయడమొక్కటే చాలామందికి సగం సమస్య తీరుస్తుంది.

ఖాళీ అయితే మళ్లీ ఛార్జ్ చేసుకోవచ్చు కదా అనిపిస్తుంది. ఖాళీగా ఉన్న లెడ్-యాసిడ్ బ్యాటరీలో ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. వారంలో చూసుకుంటే చాలావరకు కరుగుతుంది, నెలలపాటు వదిలేస్తే కరగదు. ఆ తర్వాత ఛార్జింగ్ పెట్టినా పాత శక్తి రాదు. పైగా వారంటీ తయారీ లోపాలకే వర్తిస్తుంది, వాడకుండా వదిలేసి పడిపోయిన బ్యాటరీకి కాదు.

## మొదటి దారి: వారానికోసారి స్టార్ట్ చేయించడం

వారం రోజుల్లో పోయేది దాదాపు 5 యాంపియర్-అవర్లు. వాచ్‌మన్ స్టార్ట్ చేసి పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచాడు. నెమ్మదిగా తిరిగే ఇంజిన్‌తో ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరిగేటప్పుడు బ్యాటరీని నింపే జనరేటర్) పూర్తి సామర్థ్యం ఇవ్వదు. బ్యాటరీకి 15 యాంప్‌లు అందాయని ఉదారంగా లెక్కేసుకున్నా పది నిమిషాల్లో తిరిగొచ్చేది 2.5. మిగతా సగం లోటు ప్రతి వారం పేరుకుంటూ పోతుంది. ఏసీ, లైట్లు వేసి కూర్చుంటే అదీ ఉండదు.

ఇంజిన్‌కు కూడా ఇది మంచిది కాదు. సరిగ్గా వేడెక్కకముందే ఆపేస్తే సైలెన్సర్‌లో నీటి తేమ మిగిలిపోతుంది, ఆయిల్‌లో కొంత పెట్రోల్ కలుస్తుంది. గాలి ఆడని సెల్లార్‌లో ఇంజిన్ నడుపుతూ పక్కనే నిలబడటం ప్రమాదం కూడా. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

అదే వారానికోసారి రోడ్డు మీద అరగంట, నలభై నిమిషాలు నడిపితే కథ మారుతుంది. బ్యాటరీతోపాటు టైర్లు, బ్రేకులు, ఏసీ, అన్నిటికీ మేలు. అన్నదమ్ముడో, బావమరిదో, బాగా తెలిసిన డ్రైవరో ఉండి, వాళ్లు నిజంగా నడుపుతారన్న నమ్మకం మీకు ఉంటే దీన్ని మించినది లేదు. నడిపేవాళ్లకు లైసెన్స్, కారుకు చెల్లే ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉండాలి. మీరు లేనప్పుడు ఇన్సూరెన్స్ గడువు తీరేలా ఉంటే వెళ్లేముందే రెన్యువల్ చేయించండి. గడువు తీరి 90 రోజులు దాటితే ఏళ్లుగా కూడబెట్టిన నో క్లెయిమ్ బోనస్ పోతుంది.

## రెండో దారి: మైనస్ టెర్మినల్ తీసేయడం

ఆరు నెలలు వెళ్లే, మామూలు మాన్యువల్ కారు ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఇదే. పదో నంబర్ స్పానర్, ఐదు నిమిషాలు, ఖర్చు సున్నా. మైనస్ మాత్రమే తీస్తే చాలు. రెండూ తీయాలంటే మైనస్ ముందు తీయాలి, తిరిగి పెట్టేటప్పుడు మైనస్ ఆఖరున పెట్టాలి. లేకపోతే ప్లస్ మీద ఉన్న స్పానర్ బాడీకి తగిలి నిప్పులు లేస్తాయి. తీసిన కేబుల్ జారి మళ్లీ టెర్మినల్‌ను తాకకుండా పాత గుడ్డ చుట్టి పక్కకు తోయండి.

ఇలా తీసేస్తే కారు తాగేది ఆగిపోతుంది. మిగిలేది బ్యాటరీ తనంతట తాను తగ్గడం. ఇప్పటి మెయింటెనెన్స్-ఫ్రీ బ్యాటరీలు ఓ మాదిరి వాతావరణంలో నెలకు మూడు, నాలుగు శాతం తగ్గుతాయి. వేడి ప్రతి పది డిగ్రీలకూ ఆ వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. మన ఎండాకాలం కలిసిన ఆరు నెలలు అయితే పాతిక నుంచి నలభై శాతం పోయిందనుకోండి. నిండుగా వదిలితే తిరిగొచ్చేసరికి అరవై, డెబ్భై శాతం ఉంటుంది, సెల్ఫ్ కొడుతుంది.

ఇక్కడ "నిండుగా" అన్న మాట ముఖ్యం. కూరగాయల మార్కెట్, గుడి, మనవరాలి స్కూలు మధ్య తిరిగే కారు బ్యాటరీ ఎప్పుడూ పూర్తిగా నిండదు. డెబ్భై శాతంతో వదిలితే ముప్పై, నలభైతో తిరిగొస్తారు. వెళ్లే ముందు రాత్రంతా ఛార్జింగ్ పెట్టించడం ఈ పద్ధతిలో సగం బలం. బ్యాటరీ షాపులో ఈ పని చేసి పెడతారు. కొన్ని గంటలు విశ్రాంతి ఇచ్చాక మల్టీమీటర్‌తో చూస్తే 12.6 వోల్టులు, ఆపైన ఉండాలి. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం, 12 అంటే పావు. బ్యాటరీ మీద పచ్చగా కనిపించే కన్ను ఆరు సెల్స్‌లో ఒక్కదాని సంగతే చెబుతుంది. దాన్ని చూసి ధైర్యపడొద్దు.

మైనస్ తీసేస్తే కొన్ని చిన్న చిక్కులు ఉంటాయి. గడియారం, రేడియో స్టేషన్లు పోతాయి. ఒక్క నొక్కుకే పైకి వెళ్లే పవర్ విండోలకు మళ్లీ నేర్పించాలి. అలారం పనిచేయదు, యాప్‌లో కారు కనిపించదు. రిమోట్ పనిచేయదు కాబట్టి రిమోట్ లోపల దాగి ఉండే లోహపు తాళంతో డ్రైవర్ తలుపు వేయాలి. ఆ తాళం తిరుగుతుందో లేదో ముందే ఒకసారి చూసుకోండి. ఏళ్ల తరబడి వాడని తాళం రంధ్రం బిగుసుకుపోయి ఉంటుంది. బ్యాటరీ డిక్కీలో ఉండి, ఆ డిక్కీ కరెంటుతోనే తెరుచుకునే ఖరీదైన కార్లలో ఈ పద్ధతి జోలికి పోవద్దు.

అసలు చిక్కు ఆటోమేటిక్ కార్లది. బ్యాటరీ తీసేసిన ఆటోమేటిక్‌లో గేరు 'పీ' నుంచి మామూలుగా కదలదు. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు వదలదు. ఎవరో పక్కింటివాళ్లు కారు రెండడుగులు జరపాలన్నా కుదరదు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో కార్లు ఉన్నచోటే మునిగాయి. వానాకాలంలో మీరు ఉండకపోతే, తాళంతోపాటు స్పానర్ కూడా ఎవరికైనా ఇచ్చి, మైనస్ ఎలా బిగించాలో ఒకసారి చూపించి వెళ్లండి. ఇది మాన్యువల్ కారుకైనా మంచిదే.

సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనంతట తానే ఆగి, మళ్లీ మొదలయ్యే స్టార్ట్-స్టాప్ సదుపాయం ఉన్న చాలా కార్లలో మైనస్ టెర్మినల్ దగ్గరే చిన్న సెన్సర్ ఉంటుంది. గుంజకుండా నెమ్మదిగా తీయాలి. చేతకాకపోతే మెకానిక్‌ని పిలవడం చౌక.

## రెండున్నరో దారి: ఫ్యూజ్ స్విచ్, కటాఫ్ స్విచ్

కొన్ని హ్యుందాయ్, కియా మోడళ్లలో స్టీరింగ్ కింద ఉండే ఫ్యూజ్ పెట్టెలో ఒక చిన్న స్విచ్ ఉంటుంది. నెలకు మించి కారు వాడకపోతే దాన్ని ఆపేయమని మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది, కానీ ఆ పుస్తకం తెరిచేవాళ్లు తక్కువ. ఇది అన్ని లైన్లనూ ఆపదు, చాలావరకు తగ్గిస్తుంది. నెల, రెండు నెలలకు సరిపోతుంది.

బయట దొరికే కటాఫ్ స్విచ్ మైనస్ టెర్మినల్‌కు బిగిస్తారు. మర తిప్పితే కనెక్షన్ పోతుంది. నెలకు రెండు వారాలు బెంగళూరులోనో, సైట్ మీదో ఉండేవాళ్లకు సుఖం, ప్రతిసారీ స్పానర్ పట్టుకోనక్కర్లేదు. నాసిరకం మాత్రం కొనొద్దు. సెల్ఫ్ కొట్టినప్పుడు అందులోంచి వంద యాంప్‌లకు పైగా కరెంటు పారుతుంది, వదులుగా ఉంటే కాలిపోతుంది.

## మూడో దారి: స్మార్ట్ ఛార్జర్ పెట్టి వదిలేయడం

కారు పక్కన ప్లగ్ ఉంటే, సాంకేతికంగా ఇదే ఉత్తమం. బ్యాటరీ నిండాక తనే తగ్గి, 13.2 నుంచి 13.8 వోల్టుల మధ్య నిలబెట్టే రకం కావాలి. బ్యాటరీ షాపుల్లో ఉండే పాతకాలపు ఛార్జర్‌ని ఇలా నెలలపాటు పెడితే నీళ్లు ఆవిరై, హైడ్రోజన్ వచ్చి బ్యాటరీ పాడవుతుంది. కొన్ని స్టార్ట్-స్టాప్ కార్లలో ఉండే ఏజీఎం బ్యాటరీకి (ఆమ్లాన్ని గాజు పీచు పీల్చుకుని ఉండే రకం) ఛార్జర్‌లో ఆ పేరుతో వేరే సెట్టింగ్ ఉండాలి.

కొనేముందు షాపువాణ్ని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: కరెంటు పోయి వస్తే ఇది తనంతట తానే మళ్లీ మొదలవుతుందా? బటన్ నొక్కితేనే పనిచేసే రకాలు కూడా ఉన్నాయి. వెళ్లిన మూడో రోజున కరెంటు పోతే, ఆ తర్వాత ఆరు నెలలూ అది ఊరికే వేలాడుతుంది. పైగా అప్పుడు బ్యాటరీ నుంచే కొంత తాగే అవకాశం ఉంది.

అసోసియేషన్ వాళ్లు కామన్ మీటర్ మీద ప్లగ్ వాడొద్దంటే లెక్క చూపించండి. నిండిన బ్యాటరీని నిలబెట్టడానికి పది వాట్లు అనుకున్నా నెలకు ఎనిమిది యూనిట్లు మించదు. ఎక్స్‌టెన్షన్ బాక్స్ నేల మీద పెట్టకుండా గోడకు ఎత్తుగా కట్టాలి. ఎలుకల బెడద ఉన్న సెల్లార్‌లో మాత్రం నాకు ఈ పద్ధతి మీద అంత ఇష్టం లేదు. బానెట్ కిందికి వైరు వేలాడదీయడమంటే కారుకు నిచ్చెన వేసినట్టే.

## నాలుగో దారి: సోలార్ ప్యానెల్

ఆరుబయట ఎండలో నిలిచే కారుకే ఇది. ఊళ్లో ఇంటి ముందు, ఖాళీ స్థలంలో పెట్టేవాళ్లు ఆలోచించవచ్చు. పది వాట్ల ప్యానెల్ మంచి ఎండలో రోజుకు రెండు యాంపియర్-అవర్ల పైన ఇస్తుంది. అద్దం లోపల డ్యాష్‌బోర్డు మీద పెడితే అందులో సగం వచ్చినా, కారు తాగే 0.72కు సరిపోతుంది. ఒకటిన్నర వాట్ల బొమ్మ ప్యానెల్స్ దండగ.

రెండు జాగ్రత్తలు. రాత్రిపూట బ్యాటరీ కరెంటు వెనక్కి ప్యానెల్‌లోకి పోకుండా ఆపే డయోడ్ ఉండాలి, పది వాట్లు, ఆపైన ఉంటే బ్యాటరీ మితిమీరి నిండకుండా ఆపే ఛార్జ్ కంట్రోలర్ కూడా పెట్టాలి. ఇక సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చితే చాలనుకుంటారు. చాలా కార్లలో ఇంజిన్ ఆపి తాళంచెవి బయటికి తీశాక ఆ సాకెట్ చచ్చిపోతుంది. నేరుగా బ్యాటరీకి క్లిప్పులు పెట్టాల్సిందే. కారు మీద కవరు కప్పితే ప్యానెల్ ఉండీ లేనట్టే, కప్పకపోతే ఆరు నెలల ఎండకు రంగు పోతుంది. అందుకే మన దగ్గర దీన్ని నేను పెద్దగా సిఫారసు చేయను.

## ఐదో దారి: బ్యాటరీ ఊడదీసి ఇంట్లో పెట్టడం

చిన్న కారు బ్యాటరీ పది, పన్నెండు కిలోల బరువు. బయట పార్కింగ్‌లో బ్యాటరీ దొంగల భయం ఉంటే, లేదా సెల్లార్ ప్రతి వానకూ నిండుతుంటే ఇది బాగుంటుంది. తాళం వేసిన ఇంట్లో పెట్టి వెళ్తే మైనస్ తీయడానికీ దీనికీ ఛార్జింగ్ విషయంలో తేడా లేదు. బంధువుల ఇంట్లో పెట్టి, రెండు నెలలకోసారి ఛార్జ్ చేయించగలిగితేనే అదనపు లాభం. నిలువుగానే ఉంచాలి. ఛార్జింగ్ గాలి ఆడే చోట పెట్టాలి, దీపం వెలిగే పూజగది పక్కన కాదు. సిమెంటు నేల మీద పెడితే బ్యాటరీ దిగిపోతుందన్నది పాత రబ్బరు పెట్టెల నాటి మాట. ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెలకు ఆ బాధ లేదు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| దారి | ఎంతకాలానికి | ప్లగ్ | మనిషి | ఖర్చు | బలహీనత |
|---|---|---|---|---|---|
| పది నిమిషాల ఐడిల్ | దేనికీ కాదు | వద్దు | కావాలి | పెట్రోల్ | పోయేదాంట్లో సగమే తిరిగొస్తుంది |
| వారానికోసారి నడపడం | ఎంతకైనా | వద్దు | నమ్మకమైనవారు | పెట్రోల్ | మనిషి మానేస్తే అంతే |
| ఫ్యూజ్ స్విచ్ | 1–2 నెలలు | వద్దు | వద్దు | లేదు | కొన్ని మోడళ్లకే |
| మైనస్ తీయడం | 6 నెలల దాకా | వద్దు | అత్యవసరానికి ఒకరు | లేదు | ఆటోమేటిక్ కదలదు, అలారం ఉండదు |
| స్మార్ట్ ఛార్జర్ | ఎంతకైనా | కావాలి | అప్పుడప్పుడు చూసేవారు | ఛార్జర్ ధర | కరెంటు కోతలు, ఎలుకలు, వరద నీళ్లు |
| సోలార్ | ఎండ ఉన్నంతకాలం | వద్దు | దుమ్ము తుడిచేవారు | ప్యానెల్, కంట్రోలర్ | సెల్లార్‌లో పనికిరాదు |
| ఊడదీయడం | 6 నెలలు, ఛార్జ్ చేస్తే ఎంతకైనా | ఇంట్లో చాలు | మోసేవారు | లేదు | బరువు, కారు కదలదు |

## ఎవరికి ఏది?

మూడు వారాల లోపు ఊరెళ్తుంటే ఏమీ చేయకండి. బ్యాటరీ ఆరోగ్యంగా ఉంటే ముందురోజు గంటసేపు హైవే మీద నడిపి, డ్యాష్‌క్యామ్ వైరు పీకి వెళ్లిపోండి.

ఆరు నెలలు, మాన్యువల్ కారు, సెల్లార్, ప్లగ్ లేదు: నిండా ఛార్జ్ చేయించి మైనస్ తీసేయండి. మూడు నెలల దగ్గర మెకానిక్‌తో ఒకసారి ఛార్జ్ చేయించగలిగితే మరీ మంచిది.

అదే ఆటోమేటిక్ అయితే, ప్లగ్ ఉంటే ఛార్జర్, నమ్మకమైన మనిషి ఉంటే నడిపించడం. రెండూ లేకపోతే మైనస్ తీసి, స్పానర్ అప్పగించి వెళ్లడమే.

బ్యాటరీకి నాలుగేళ్లు నిండాయా? దాన్ని కాపాడటానికి డబ్బు పెట్టకండి. మైనస్ తీసి వెళ్లండి, తిరిగొచ్చాక కొత్తది వేసుకోవాల్సి రావచ్చని ముందే అనుకోండి. వెళ్లేముందు కొత్తది కొని ఆరు నెలలు ఊరికే కూర్చోబెట్టడంలో అర్థం లేదు, వారంటీ కూడా కరిగిపోతుంది.

ఎలక్ట్రిక్ కార్లు, హైబ్రిడ్‌ల సంగతి వేరు. వాటిలో పెద్ద బ్యాటరీతోపాటు మామూలు 12 వోల్టుల బ్యాటరీ కూడా ఉంటుంది. చాలాసార్లు కారు తెరుచుకోకపోవడానికి కారణం ఆ చిన్నదే. కొన్ని మోడళ్లు పెద్దదాని నుంచి చిన్నదాన్ని వాటంతట అవే నింపుకుంటాయి, కొన్ని నింపుకోవు. మీ మోడల్ మాన్యువల్ చెప్పినట్టే చేయండి. పెద్ద బ్యాటరీని సగం, అటూ ఇటూగా ఉంచి వెళ్లడం మేలు, నూరు శాతం నింపి వదలొద్దు.

## అటు నుంచి ఇటు వచ్చేవాళ్లకు

డిసెంబర్‌లో చికాగో నుంచో, టొరంటో నుంచో నెలా, నెలన్నర ఇండియాకు వచ్చేవాళ్ల లెక్క తలకిందులుగా ఉంటుంది. చలిలో బ్యాటరీ తనంతట తాను తగ్గడం తక్కువ, కానీ ఇంజిన్ తిప్పే బలం పడిపోతుంది. సున్నా డిగ్రీల దగ్గర మూడో వంతు, మైనస్ 18 దగ్గర సగానికి పైగా పోతుంది. నిండిన బ్యాటరీ గడ్డకట్టదు. పూర్తిగా ఖాళీ అయినది నీళ్లు గడ్డకట్టే చలికి కాస్త దిగువనే గడ్డకట్టి పగులుతుంది. ఇంటి గరాజ్‌లో ప్లగ్ ఎలాగూ ఉంటుంది కాబట్టి అక్కడ స్మార్ట్ ఛార్జర్‌కు పోటీ లేదు. రిమోట్ తాళాన్ని మాత్రం గరాజ్ గోడకు తగిలించి రాకండి. దగ్గర్లో తాళం ఉన్నంతసేపూ కొన్ని కార్లు మేల్కొనే ఉంటాయి.

ఇంగ్లండ్‌లో క్యారవాన్ (కారు వెనక తగిలించుకుని వెళ్లే చక్రాల ఇల్లు) కొనుక్కుని వేసవిలో తిరిగే మనవాళ్లు కూడా ఇప్పుడు ఉన్నారు. చలికాలం దాన్ని ప్లగ్ లేని యార్డులో పెడితే, పైకప్పు మీది సోలారే ఆధారం. కానీ డిసెంబర్ ఎండను నమ్ముకోలేం. ఇన్సూరెన్స్ షరతుల్లో ట్రాకర్ ఆన్‌లో ఉండాలని ఉంటే బ్యాటరీ పూర్తిగా తీసేయడానికీ లేదు. పాలసీ చదివాకే స్పానర్ పట్టుకోండి.

## వచ్చిన రోజు

మైనస్ బిగించి, సెల్ఫ్ కొట్టేముందు బానెట్ లోపల ఎలుక గూడు, కొరికిన వైర్లు ఉన్నాయేమో చూడండి. టైర్లలో గాలి చూడండి. హ్యాండ్‌బ్రేకు వేసి వెళ్లి ఉంటే వెనక చక్రాలు పట్టేసి ఉండొచ్చు. వెళ్లేటప్పుడే గేర్లో పెట్టి, చక్రాల కింద ఇటుకలు పెట్టి, హ్యాండ్‌బ్రేకు వదిలేసి ఉంటే ఈ బాధ ఉండదు.

సెల్ఫ్ తీసుకోకపోతే పదే పదే కొట్టకండి. జంప్ స్టార్ట్ చేయించి వెంటనే తిరిగేద్దామనీ అనుకోకండి. పూర్తిగా పడిపోయిన బ్యాటరీని నింపే భారమంతా ఆల్టర్నేటర్ మీద పడుతుంది. వీలుంటే ఊడదీసి రాత్రంతా నెమ్మదిగా ఛార్జింగ్ పెట్టించండి, మర్నాడు పొద్దున లోడ్ టెస్ట్ (భారం మోపి బ్యాటరీ బలం చూసే పరీక్ష) చేయించండి. ఆ టెస్ట్‌లో పాసైతే వాడుకోవచ్చు, ఫెయిలైతే కొత్తది వేయించాలి. పాతదాన్ని షాపులోనే ఇచ్చేయండి, కొత్తదాని ధరలో కొంత తగ్గిస్తారు.